ఇంటింటి గిన్నె మీద ఒక గీత

పందొమ్మిది వందల ఎనభై ఎనిమిది జూలై నాలుగవ తేదీ, సోమవారం ఉదయం మన ఆసుపత్రి పిల్లల విభాగంలో స్టాఫ్ నర్సుగా చేరి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న సిస్టరుగారికి, ఆమెతో కలిసి పనిచేసే భాగ్యం పొందిన మనమందరం వినయపూర్వకంగా అభినందనలు సమర్పించుకునే శుభసందర్భమిది. నియామక పత్రంలో ఆమెకు ఒక పేరు ఉన్నది. కాని ఆ పేరుతో వాకబు చేస్తే గేటు దగ్గర కాపలాదారు కూడా కాసేపు బుర్ర గోక్కుంటాడు. గుటకమ్మగారు ఎక్కడ అని అడిగితే మాత్రం తలెత్తకుండానే చేయి చూపిస్తాడు: మెట్లెక్కి ఎడమవైపు, ఫినాయిలు వాసన ఎక్కడ ఘాటుగా ఉంటే అక్కడ.

నిజానికి ఆమె కోరుకున్నది ఆపరేషన్ థియేటరు. డాక్టరుగారు చేయి చాచకముందే కత్తెర అందించే చురుకుదనం తనకున్నదని ఆమెకు గట్టి నమ్మకం. దక్కినది మాత్రం వాంతులు, విరేచనాలతో వచ్చే పసిపిల్లల గది. పొడవాటి గది, ఒకవైపు కిటికీలు, కిటికీల ఊచలకు ఆరేసిన గుడ్డలు, ఎంత తుడిచినా ఆరని నేల. మొదటి రోజు ఆ గదిలోని ఏడుపులకు బెదిరి గుమ్మం దగ్గరే నిలబడిపోయిన ఆమెను అప్పటి పెద్ద సిస్టరుగారు లోపలికి లాక్కుపోయి, "ఏడ్చేవాళ్ల సంగతి తర్వాత చూడు. ఏడుపు మానేసిన పిల్ల ఎక్కడుందో అక్కడికి ముందు పరుగెత్తు" అన్నారట. ఆ ఒక్క మాటతో తన చదువు మళ్లీ మొదలైందని సిస్టరుగారు మనతో ఎన్నోసార్లు చెప్పి ఉన్నారు.

ఒంట్లో నీరు ఇంకిపోయిన బిడ్డను చూపుతోనే గుర్తుపట్టే విద్య ఆమె అక్కడే నేర్చుకున్నారు. లోపలికి పోయిన కళ్లు, ఎండిన నాలుక, కన్నీరు లేని ఏడుపు, రెండు వేళ్లతో పట్టి వదిలితే వెంటనే సర్దుకోని కడుపు మీది చర్మం. ఇవన్నీ చూడడానికి ఆమెకు దుప్పటి తీసేటంత సమయం చాలు. మగతలో మునిగిపోయి మింగలేని స్థితిలో వచ్చిన బిడ్డకు క్షణం ఆలస్యం చేయక సెలైన్ పెట్టించేవారు. మింగగలిగిన బిడ్డకు మాత్రం ఉప్పూ చక్కెరా కలిసిన ప్యాకెట్టు నీళ్లే మందని, అది చెంచాతో కొద్దికొద్దిగా పడితే చాలని విభాగాధిపతిగా ఉన్న పెద్ద డాక్టరుగారు నేర్పగా, ఆ బోధను తన సొంత విశ్వాసంగా మార్చుకున్నవారు ఆమె. "ఇంకో గుటక, ఇంకొక్క గుటక" అంటూ మంచం నుంచి మంచానికి తిరగడం వల్లనే తల్లులు ఆమెకు ఆ పేరు పెట్టారు.

ఆ పని చూసేవారికి తేలిక, చేసేవారికి కాదు. పిల్ల వాంతి చేసుకుంటే తల్లి బెదిరిపోతుంది. తల్లి ధైర్యం తెచ్చుకుంటే వెనక నిలబడ్డ నాయనమ్మ ఊరుకోదు.

"పోసినవి పోసినట్టే పోతున్నాయి కదమ్మా. రెండు పూటలు కడుపు మాడిస్తే అవే ఆగిపోతాయి" అన్నది ఒకసారి అటువంటి పెద్దావిడ.

"పోయేవి ఎలాగూ పోతాయి పెద్దమ్మా. పోయినదానికి బదులు మనం పొయ్యకపోతే లోపల ఏం మిగులుతుంది?"

"తాగింది తాగినట్టే కక్కుతోందిగా?"

"కక్కనీ. కాసేపు ఊరుకుని మళ్లీ మొదలుపెడదాం. అది కక్కడానికి మొండికేస్తే మనం పట్టడానికి మొండికేద్దాం."

"నువ్వే గెలిచేట్టున్నావు తల్లీ. నీ మొండితనంలో సగం మా కోడలికి ఉంటే బాగుండు."

"ఉండే ఉంటుంది పెద్దమ్మా. మీ ముందు దాచుకుంటోందంతే."

మంచం మీద కూర్చున్న ఆ కోడలు, బిడ్డ జబ్బుపడ్డాక మొదటిసారి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. చెంచా పట్టుకున్న చేయి కుదురుకున్నది. ఎవరిని నవ్విస్తే ఎవరి చేయి కుదురుతుందో ఆమెకు తెలుసు.

తండ్రుల పోరు వేరే రకం. "ఇంత పెద్దాసుపత్రికి వస్తే సెలైన్ లేదు, సూది లేదు, చెంచాతో నీళ్లా? ఇది మా ఇంట్లో చేసుకోలేమా?" అని ఒక లారీ డ్రైవరు ఆమె మీద నోరు చేసుకున్నాడు. "నేను చెప్పేదీ అదే బాబూ. ఈసారి మొదటి విరేచనం నుంచే ఇంట్లో చేసుకో. ఇంత దూరం రాకుండా పోతుంది" అని ఆమె నెమ్మదిగా జవాబిచ్చారు.

ఇంటికి వెళ్లే ప్రతి తల్లికీ ఆమె స్వయంగా పాఠం చెప్పేవారు. బల్ల మీద వార్డు జగ్గు ఉండేది. స్టోర్సు నుంచి వచ్చిన స్టీలు జగ్గు, అంచు దాకా నింపితే సరిగ్గా ఒక లీటరు. కాచి చల్లార్చిన నీళ్లు అందులో పోసి, ప్యాకెట్టు మొత్తం విప్పి కలిపి చూపించి, "ఒక జగ్గు నీళ్లు, ఒక ప్యాకెట్టు" అని తల్లి చేత తిరిగి చెప్పించుకునేవారు. అప్పజెప్పినట్టు చెప్పనిదే ఇంటికి పంపే చీటీ చేతికిచ్చేవారు కాదు. ఆ మాట రోజూ మన చెవుల్లో పడేది. డాక్టర్లు విన్నారు, ఆయాలు విన్నారు, మందుల గదిలో ప్యాకెట్లు లెక్కపెట్టే మేమూ విన్నాము. అందులో లోపం ఉన్నదని ఎవరికీ తోచలేదు.

ఆ లోపం బయటపడిన రోజును ఇక్కడ చెప్పుకోవడానికి సిస్టరుగారే అనుమతించారు. అనుమతించడమే కాదు, అది లేకుండా తన గురించి ఏమి రాసినా అది తన గురించి కాదని కూడా అన్నారు.

ఒక దర్జీ కూతురు, ఏడాది నిండని పాప, కోలుకుని నవ్వుతూ ఇంటికి వెళ్లిన రెండు రోజులకే తిరిగి వచ్చింది. విరేచనాలు మళ్లీ పట్టుకున్నాయి. అయితే ఈసారి బిడ్డ తీరు వేరుగా ఉన్నది. గ్లాసు కనిపిస్తే రెండు చేతులతో లాక్కుంటోంది. ఒంటి మీద చేయి వేస్తే కెవ్వుమంటోంది. నాలుక పీచులా ఎండిపోయింది. కడుపు మీది చర్మం పట్టి చూస్తే అలవాటైన ముడత పడలేదు. కలిపిన పిండిలా మెత్తగా వేళ్లకు తగిలింది. పొద్దుటి నుంచి గుడ్డ తడవలేదని తల్లి చెప్పింది.

"నేను చెప్పిన నీళ్లు పట్టలేదు కదూ?" అన్నారు సిస్టరుగారు. ఆ గొంతులో కోపం ఉన్నది.

"పట్టానక్కా. ఒక్క చుక్క వదల్లేదు. ఎంత పట్టినా ఇంకా కావాలంటోంది."

"ఎలా కలిపావు?"

"మీరు చెప్పినట్టే. ఒక జగ్గు నీళ్లు, ఒక ప్యాకెట్టు. కావాలంటే ఆయన్నడగండి, పక్కనే నిలబడి చూశాడు."

"చూశానండీ. గుడ్డ కొలిచినంత జాగ్రత్తగా కలిపింది" అన్నాడు దర్జీ.

"ఇక్కడ అందరూ తలలూపుతారు. ఇంటికెళ్లాక ఎవరిష్టం వాళ్లది" అన్నారు అప్పుడే వచ్చిన చిన్న డాక్టరుగారు, పాప నాడి చూస్తూ.

"నా బిడ్డకి నేను తక్కువ చేస్తానా సార్?" అన్నదా తల్లి. ఆమె ఏడవలేదు.

సిస్టరుగారు బల్ల మీది స్టీలు జగ్గు వైపు చూశారు. తర్వాత తల్లి వైపు చూశారు.

"ఏ జగ్గమ్మా?"

"మా ఇంట్లో జగ్గు."

"తీసుకురండి" అన్నారు దర్జీతో.

"పాప ఇలా ఉంటే నేను జగ్గు కోసం వెళ్లనా?"

"సైకిలుందిగా, వెళ్లండి. పాప దగ్గర మేమున్నాం."

అతను వెళ్లి వచ్చేలోగా పెద్ద డాక్టరుగారు వచ్చి పాపను పరీక్షించి, రక్తం తీయించి పంపారు. దర్జీ తెచ్చినది ముక్కు వంకర తిరిగిన నీలం ప్లాస్టిక్ జగ్గు. సిస్టరుగారు వార్డు జగ్గును అంచు దాకా నింపి, ఆ నీలం జగ్గులోకి వంచారు. సగంలోనే అది నిండిపోయింది. ఆమె వంచడం ఆపలేదు. నీళ్లు బల్ల మీదికి పొంగి, బల్ల అంచు నుంచి ఆమె చెప్పుల మీదికి కారి, దర్జీ కాళ్ల దాకా పారాయి.

"సగమే పట్టింది" అన్నాడు దర్జీ. కొలతలతో బతికే మనిషికి ఇంకెవరూ విడమరచి చెప్పవలసిన అవసరం లేకపోయింది.

"అంటే రెండింతల ఉప్పు పడింది" అన్నారు పెద్ద డాక్టరుగారు మెల్లగా.

సిస్టరుగారు జగ్గు కింద పెట్టి, గదిలో అందరూ వింటుండగా ఆ తల్లితో అన్నారు. "తప్పు నీది కాదు తల్లీ, నాది. జగ్గు అన్నాను గానీ ఏ జగ్గో చెప్పలేదు. చెప్పినట్టు చేసినందుకు నిన్నే అన్నాను."

"ఆ మాట మేమూ రోజూ విన్నాం సిస్టర్. మాకూ తట్టలేదు" అన్నారు చిన్న డాక్టరుగారు. అన్నాక ఆ తల్లి వైపు తిరిగి, "నేనూ తొందరపడ్డానమ్మా" అని కూడా అన్నారు. ఆ మాట అనగలిగినందుకు ఆయననూ ఈ సందర్భంలో గౌరవంతో స్మరించుకుంటున్నాము.

ఇక మిగిలినది పాప ప్రాణం. దర్జీకి ఉన్నచోట కాలు నిలవలేదు. "నీళ్లు తక్కువైతే సెలైన్ ఎక్కించండి సార్. గబగబా ఎక్కించేయండి" అన్నాడు. పెద్ద డాక్టరుగారు తల అడ్డంగా ఊపారు. ఉప్పు ఎక్కువైన ఒంటికి నీళ్లు ఒక్కసారిగా పోస్తే మెదడు వాచి ఫిట్స్ వస్తాయని, పాప మింగగలుగుతున్నది కనుక తల్లి పాలు, సరిగ్గా కలిపిన నీళ్లు నిదానంగా పట్టాలని, రేపటిదాకా పట్టినా ఫరవాలేదని, తొందరపడితే అసలుకే మోసమని చెప్పారు.

దర్జీకి ఆ మాట మింగుడుపడలేదు. సిస్టరుగారు అతనిని పక్కకు పిలిచారు. "తొందరలో కత్తెర వేస్తే ఏమవుతుంది?"

"గుడ్డ పాడవుతుంది."

"మరి ఇక్కడ నన్ను తొందరపెట్టకు."

డ్యూటీ దిగే వేళ అయింది. ఆమె దిగలేదు. పాపను ఒళ్లో వేసుకుని కిటికీ పక్క స్టూలు మీద కూర్చున్నారు. ఇన్నేళ్లూ తాగనని మొండికేసే పిల్లలకు తాగించడమే కష్టమనుకున్నారు. దాహంతో ఉన్న బిడ్డ చేతిలో నుంచి గ్లాసు వెనక్కి తీసుకోవడం అంతకన్నా కష్టమని ఆ మధ్యాహ్నం తెలిసింది. పాప గ్లాసు కోసం ఎగబడేది. ఆమె ఒక చెంచా పట్టి, ఆగి, మళ్లీ ఒక చెంచా పట్టి, నడుమ నడుమ పాల కోసం తల్లికి అందించేవారు.

"దేవుడికి దణ్ణం పెట్టుకోనా అక్కా?" అన్నది తల్లి.

"పెట్టుకో. నేనూ పెట్టుకుంటున్నాను. కాని మనసులోనే పెట్టుకో. రెండు చేతులూ జోడిస్తే గ్లాసెవరు పట్టుకుంటారు?"

సాయంత్రం ఎండ కిటికీ దిగేసరికి పాప పెనుగులాట తగ్గి కళ్లు మూసుకున్నది. అది నిద్రో, మగతో తెలియాలి. సిస్టరుగారు అరికాలి మీద వేలితో చిన్నగా మీటారు. పాప కాలు వెనక్కి లాక్కుని, మొహం చిట్లించి, తీరిగ్గా ఏడుపు అందుకున్నది. కంటి కొస నుంచి ఒక నీటి చుక్క జారి చెవి దాకా పోయింది. ఆ వెంటనే సిస్టరుగారి ఒళ్లో వెచ్చగా తగిలింది.

"పోసింది" అన్నారు ఆమె.

ఇతరుల పిల్లలు మీద పోస్తే ఎవరైనా లేచి దులుపుకుంటారు. ఆమె కదిలితే ఆగిపోతుందేమో అన్నట్టు బిగుసుకుని కూర్చున్నారు. "సిస్టరుగారి బట్టలు పాడైపోయాయి" అని ఆయా తువ్వాలు పట్టుకుని వస్తే, "పాడవడమేంటే, ఇవాళే బాగయ్యాయి. అలా ఉండనీ" అన్నారు. మంచాల మీది తల్లులంతా నవ్వారు. "కొత్త యూనిఫారం నేను కుట్టిపెడతానక్కా" అన్నాడు దర్జీ.

"కుట్టు. కొలత మాత్రం నా దగ్గరికొచ్చి తీసుకో" అన్నారు ఆమె.

పాప మరునాటికి తేరుకున్నది. దేవుని దయ వల్ల బతికిందని అందరం అనుకున్నాము. అది నిజమేనని ఇది రాస్తున్నవారి నమ్మకం కూడా. అయితే ఆ దయ అంత పెద్దది కదా, అది చెంచా అంత సన్నని దారిలో ఎందుకు రావలసి వచ్చింది, జగ్గులో ఎందుకు దారి తప్పింది అని ఒక్కొక్కసారి అడగాలనిపిస్తుంది. సిస్టరుగారిని అడిగితే, "దయ దారి తప్పలేదండీ, నేను తప్పాను. అది నా కోసం ఆగింది" అన్నారు. ఆ జవాబు మనకు పూర్తిగా అర్థమైందని చెప్పలేము.

పాప తేరుకున్నా ఆమె మనసు తేరుకోలేదు. అదే పాఠం విని అంతకుముందు ఇళ్లకు వెళ్లిన తల్లుల సంగతేమిటి? మరునాడు సెలవు పెట్టి, ఆయాను వెంటబెట్టుకుని, చిరునామాలు దొరికినంత మేరకు ఇల్లిల్లూ తిరిగారు. ఒక ఇంట్లో జగ్గే లేదు. ఆ తల్లి పక్కింటి నుంచి అరువు తెచ్చుకుని కలిపింది. ఒక ఇంట్లో జగ్గంటే బకెట్టులో సగం. అక్కడ నీళ్లు మరీ పలచనై మందు పనిచేయడం లేదు; అప్పటికప్పుడు సరిచేశారు. మిగతా చోట్ల పిల్లలు గుమ్మాల్లో ఆడుకుంటూ కనిపించారు. ఒక్కో గుమ్మం దిగుతున్నప్పుడు ఆమె ఊపిరి వదిలిన చప్పుడు వీధిలోకి వినిపించేదని ఆయా ఇప్పటికీ చెబుతుంది. చివరి ఇంటి నుంచి బయటికి వచ్చాక రోడ్డు పక్కన ఒక అరుగు మీద కూర్చుని, "అందరూ ఉన్నారే" అన్నారట. ఆయా, "ఉన్నారమ్మా, లేవండి, నా కాళ్లు పోయాయి" అన్నదట.

ఆ వారం నుంచే మన వార్డులో కొత్త పద్ధతి వచ్చింది. తల్లి ఇంటికి వెళ్లేముందు, ఇంట్లో నీళ్లు కలపబోయే పాత్రను ఎవరి చేతనైనా తెప్పించుకోవాలి. చెంబైనా, గిన్నైనా, డబ్బా అయినా సరే. అందులో వార్డు జగ్గుతో లీటరు నీళ్లు పోసి, నీళ్లు ఎంతవరకు వచ్చాయో అక్కడ మేకుతో గీత గీసేవారు. లీటరు పట్టని పాత్రను వెనక్కి పంపి పెద్దది తెప్పించేవారు. సొట్టలు పడినవి, మూతి విరిగినవి, మసి పట్టినవి బల్ల మీద బారులు తీరేవి. ఇది వార్డా, పాతసామాన్ల కొట్టా అని మనలో కొందరం వేళాకోళం చేసిన మాట వాస్తవం. ఆ అలవాటు ఆమె ఇంటిదాకా పాకింది. "మా పాల గిన్నె మీద కూడా గీత ఉందండీ. ఆ గీత దాటి పాలు పోస్తే నాకే ఏదో భయం" అని ఆమె భర్తగారు మనతో వాపోయేవారు.

అనంతరం హెడ్ నర్సుగా పదోన్నతి పొంది, ఎందరో శిక్షణ విద్యార్థినులను తీర్చిదిద్ది, పక్క ఆసుపత్రుల వారికి కూడా ఈ గీత పద్ధతిని నేర్పారు. జింకు మాత్రలు వచ్చినప్పుడు, విరేచనాలు తగ్గినా మాత్రలు పూర్తయ్యేదాకా వేయాలని తల్లులకు నచ్చజెప్పారు. జబ్బుపడ్డ బిడ్డకు పాలూ అన్నమూ మాన్పించరాదని, సబ్బుతో చేతులు కడుక్కోకుండా చెంచా పట్టరాదని చెప్పి చెప్పి గొంతు అరగదీసుకున్నారు. ఊరి మంచినీళ్ల గొట్టం పగిలి మురుగు కలిసిన ఏడు, వరండాలో చాపలు పరిచి పిల్లలను పడుకోబెట్టినప్పుడు, ఆమె నడక చూసి మనం నడిచాము.

అందరు పిల్లలూ బతికారని రాస్తే ఆమెకే నచ్చదు. కొందరు చేయి దాటిపోయాక వచ్చారు. అటువంటి తల్లి వెళ్లిపోయేటప్పుడు గేటు దాకా తోడు వెళ్లేవారు సిస్టరుగారే. తిరిగి వచ్చి చేతులు కడుక్కుని తర్వాతి మంచం దగ్గరికి వెళ్లేవారు. "ఎందుకిలా అని దేవుణ్ణి అడుగుతారా?" అని ఒకసారి అడిగితే, "అడుగుతాను. జవాబు వచ్చేలోపు ఇంకో పిల్ల వస్తుంది. దాని పని చూసుకుని మళ్లీ అడుగుతాను" అన్నారు.

ఇప్పుడు ఆ పొడవాటి గదిలో సగం మంచాలు ఖాళీ. నీళ్లు బాగుపడ్డాయి, టీకాలు వచ్చాయి, తల్లులు ఇంట్లోనే కలిపి పట్టడం నేర్చుకున్నారు. గత వారం, కొత్తగా చేరిన నర్సమ్మాయి ఒకరు మొహమాటపడుతూ ఆమె దగ్గరికి వచ్చి, "ఏమనుకోకండి మేడమ్. ఇక్కడ చేయడానికి పనుండడం లేదు. వేరే వార్డుకు వేయించుకుంటాను" అన్నది.

సిస్టరుగారు చాలాసేపు నవ్వారు. ఆ పిల్ల బిక్కమొహం వేసింది.

"వేయించుకో తల్లీ. ఈ వార్డులో పని లేదని ఒక్కరైనా వెళ్లిపోతే చూడాలని నేను చేరిన మరుసటి రోజు నుంచి ఎదురుచూస్తున్నాను. నేను దిగేలోపు చూస్తాననుకోలేదు" అన్నారు.

సిస్టరుగారూ, మీరు మంచం నుంచి మంచానికి పోతూ, నిలబడే నాలుగు గుక్కలు నీళ్లు తాగి, మిగిలిన గ్లాసును కిటికీలో మరిచిపోయేవారు. ఇకనుంచి దాహం వేసినప్పుడు కూర్చుని, గ్లాసు నిండా, ఎవరూ పిలవకుండా తాగే తీరికను భగవంతుడు మీకు ప్రసాదించుగాక. మీ భర్తగారితో, పిల్లలతో, మనుమలతో ఆరోగ్యంగా, నిశ్చింతగా, చాలా కాలం జీవించండి. మీకు కబురు పంపవలసిన అవసరం ఈ వార్డుకు ఎప్పుడూ రాకూడదని, ఊరికే చూసి పోవడానికి మాత్రం మీరు తరచు రావాలని మా అందరి ప్రార్థన.